పెద్దవాళ్ళ కార్డు ఎక్కడ?

మేము ముగ్గురం. ఇద్దరం తొమ్మిదో తరగతి, ఒకరు పదకొండు. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది కరీంనగర్, ఒకరిది కర్నూలు. మా నాన్నల్లో ఒకరు సైన్యంలో, ఒకరు ఆయుధ కర్మాగారంలో, ఒకరు రైల్వేలో పనిచేస్తారు. ముగ్గురం ఉత్తరాదిలోని ఈ ఊరికి వచ్చి ఈ విద్యాలయంలో కలిశాం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పి తెలుగులో మాట్లాడుకునేది మేమే కాబట్టి, మన పత్రికలో తెలుగు పేజీలకు ఏదో ఒకటి రాయడం కూడా మా పనే అయింది. పోయినేడు మా ఊళ్ళ పండుగల గురించి రాశాం. ఈసారి టీకాల గురించి రాస్తున్నాం. పిల్లల టీకాల గురించి కాదు. మనకు పాఠాలు చెప్పేవాళ్ళ, మన బడిని ఊడ్చేవాళ్ళ, గేటు దగ్గర నిలబడేవాళ్ళ టీకాల గురించి.

బదిలీల ఇళ్ళలో ఇనప ట్రంకు పెట్టె ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మూత మీద తెల్ల రంగుతో నాన్న పేరు, పాత ఊరి పేరు కొట్టేసి రాసిన కొత్త ఊరి పేరు. ఆ పెట్టెలో అన్నిటికన్నా పైన అమ్మ ఒక ప్లాస్టిక్ ఫైలు పెడుతుంది. అందులో టీసీలు, జనన ధ్రువపత్రాలు, వాటి పక్కనే మన టీకాల కార్డు. మాలో ఒకరి కార్డు మీద బీసీజీ విశాఖపట్నంలో వేసినట్టు ఉంది. తట్టు టీకా జోధ్‌పూర్‌లో. ఐదేళ్ళప్పటి డీపీటీ బూస్టరు సికింద్రాబాదులో. మూడు ముద్రలు, మూడు రకాల చేతిరాతలు. మనం ఎక్కడెక్కడ పెరిగామో మనకన్నా ఆ కార్డుకే బాగా గుర్తు.

2022 మార్చిలో పన్నెండేళ్ళు నిండినవాళ్ళకు కరోనా టీకా మొదలయ్యాక మాకు కోర్బెవాక్స్ వేశారు. అది హైదరాబాదులోని బయోలాజికల్ ఇ సంస్థ తయారుచేసిన టీకా. ఆ కాగితం కూడా ఫైలులో చేరింది. పదో ఏట, పదహారో ఏట వేసే టీడీ టీకా వివరమూ చేరింది. ఇలాంటి ఫైలు ప్రతివాళ్ళకూ ఉంటుందని, పెద్దవాళ్ళకైతే ఇంకా లావుపాటిది ఉంటుందని అనుకునేవాళ్ళం. అది తప్పని జూలైలో ఒక సోమవారం తెలిసింది.

ఆ రోజు పొద్దున సైకిల్ స్టాండు దగ్గర పిల్లలు పెట్టిన కుక్క ఒకటి ఉంది. ఒకటో తరగతి పాప ఒకతె కుక్కపిల్లను ఎత్తుకోబోయింది. తల్లికుక్క మీదికి దూకింది. గేటు దగ్గరున్న గార్డ్ భయ్యా పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు. పాపకు ఏమీ కాలేదు. భయ్యా పిక్క మీద మాత్రం రెండు చోట్ల పళ్ళు దిగాయి. ఖాకీ ప్యాంటు చిరిగి రక్తం కారింది.

ఆయన ఏమన్నాడో తెలుసా? ‘ఏం కాలేదు, మిరపపొడి, ఆవనూనె రాస్తే సరిపోతుంది’ అన్నాడు. క్యాంటీన్ నుంచి మిరపపొడి తెమ్మని మమ్మల్నే పంపబోయాడు. మేము మాత్రం మెడికల్ రూములో ఉండే నర్సు దీదీని తీసుకొచ్చాం. ఆవిడ మిరపపొడి మాట వినగానే గట్టిగా అరిచింది. గాయాన్ని కుళాయి కింద పెట్టించి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించింది. గడియారం చూడటం మా పని. పదిహేను నిమిషాలు ఎంత పొడుగో ఆ రోజే తెలిసింది. తర్వాత ల్యాబ్ అటెండెంట్ అంకుల్ తన స్కూటరు మీద భయ్యాను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ గాయం చుట్టూ సీరం ఎక్కించి, చేతికి కుక్కకాటు టీకా మొదటి మోతాదు, దాంతోపాటు ధనుర్వాతం రాకుండా ఒక సూది వేశారు. ఒక చీటీ మీద తేదీలు రాసిచ్చారు. మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు.

మూడో రోజు గురువారం. భయ్యా వెళ్ళి వచ్చాడు. ఏడో రోజు మళ్ళీ సోమవారం. ఆ బుధవారం మేము సైకిళ్ళు పెడుతూ అడిగాం, ‘భయ్యా, మూడో సూది అయిందా?’ అని. ఆయన నవ్వి, ‘హో జాయేగా’ అన్నాడు. అయిపోతుందిలే అని. అంటే కాలేదన్నమాట.

ఎందుకు వెళ్ళలేదో వెంటనే చెప్పలేదు. మేము వదలకపోయేసరికి ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఆయన మన విద్యాలయం ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు పెట్టిన మనిషి. ఆసుపత్రిలో వరస పెద్దది. పొద్దున వెళితే మధ్యాహ్నం అవుతుంది. గేటు వదిలితే ఆ రోజు కూలి పోతుంది. ‘మొదటి రెండు రోజుల కూలీ ఇప్పటికే పోయింది బాబూ’ అన్నాడు. రెండో కారణం, నొప్పి తగ్గింది, గాయం మానుతోంది. మూడో కారణం ఆయన చెప్పిన తీరు మాకు ఇప్పటికీ గుర్తుంది. ‘సూదులు పిల్లలకు. నా వయసు వాడికి ఇన్ని ఎందుకు?’

మేము నర్సు దీదీ దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, ‘ఆ కుక్క ఏది?’ అని. కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా కళ్ళముందు తిరుగుతూ ఉంటే భయం చాలావరకు తగ్గుతుందట. కానీ ఆ కుక్క, దాని పిల్లలు నాలుగో రోజు నుంచే కనిపించడం లేదు. ఎవరైనా తోలేశారో, తానే వెళ్ళిపోయిందో, చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు. రేబిస్ పైకి కనిపించడానికి వారాలు, నెలలు పట్టవచ్చని, లక్షణాలు మొదలయ్యాక బతికించే మందు లేనట్టేనని దీదీ చెప్పింది. గాయం మానినంత మాత్రాన లోపల ఏమీ లేదని కాదు. టీకా పని ఏమిటంటే, ఆ క్రిమి మెదడు దాకా వెళ్ళకముందే ఒంట్లో రక్షణ తయారుచేయడం. ‘రెండు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు. మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఇవాళే వెళ్ళి మూడోది వేయించుకోవాలి’ అంది.

ఇవాళే అంటే గేటు ఎవరు చూస్తారు? మా భయం సంగతి పక్కన పెట్టి మేము వైస్ ప్రిన్సిపల్ మేడమ్ గది ముందు నిలబడ్డాం. మేడమ్ మా మాట మొత్తం విన్నారు. తర్వాత రెండే పనులు చేశారు. పీటీ సర్‌ని పిలిచి ఆ పూట గేటు దగ్గర కూర్చోమన్నారు. భయ్యా బడి పిల్లను కాపాడుతుండగా గాయపడ్డాడు కాబట్టి ఆసుపత్రికి వెళ్ళిన రోజులకు కూలి కోయకూడదని కాంట్రాక్టరుకు కాగితం రాశారు. భయ్యా స్కూటరెక్కాడు. మేము ఆయనకు చెప్పిన ఆరోగ్య సూత్రాలు ఒక్కటీ చేయలేని పని ఆ కాగితం చేసింది.

ఆ సాయంత్రం మా ముగ్గురికీ ఒక ప్రశ్న పుట్టింది. భయ్యా ఒక్కడేనా ఇలా? మిగతా పెద్దవాళ్ళ సంగతేమిటి? బయాలజీ మేడమ్‌ని అడిగితే, ‘వెళ్ళి అడగండి. కానీ పరీక్ష పెట్టినట్టు అడగొద్దు, తెలుసుకోవాలన్నట్టు అడగండి’ అన్నారు. వరసగా రెండు వారాలు ఖాళీ పీరియడ్లలో, ఇంటర్వెల్‌లో తిరిగాం. అందరినీ ఒకటే ప్రశ్న అడిగాం. ‘మీరు పెద్దయ్యాక ఏయే టీకాలు వేయించుకున్నారు?’

దాదాపు అందరి మొదటి జవాబూ ఒకటే. ‘కరోనాది వేయించుకున్నాం కదా!’ తర్వాత ఒక నిమిషం మౌనం. ఆ తర్వాత ఒక్కొక్కరి దారి వేరు.

గణితం సర్ నవ్వేశారు. 2021లో ఆయనకు టీకా కేంద్రంలో కంప్యూటరు డ్యూటీ పడిందట. రోజంతా కోవిన్‌లో జనం పేర్లు ఎక్కించేవారు. అంతమంది పేర్లు ఎక్కించిన మనిషి తన రెండో మోతాదు మాత్రం గడువు దాటాక వేయించుకున్నారు. ‘ఆ ఒక్కదానితో ఈ జన్మకి సరిపోయింది’ అన్నారు. 2024లో వచ్చిన వార్త కూడా గుర్తుచేశారు. కోవిషీల్డ్ వంటి టీకా వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో ఒప్పుకున్న వార్త అది. ‘అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు కదా?’ అన్నారు. మాకు జవాబు తెలియలేదు.

పీటీ సర్ మాజీ సైనికుడు. ఆయన ధోరణి వేరు. ‘ఫౌజులో ఎవరూ అడగరు. చొక్కా చేయి పైకెత్తి లైన్లో నిలబడటమే. ఏమేం వేశారో నాకూ తెలియదు. రిటైరయ్యాక ఎవరూ లైన్లో నిలబెట్టలేదు, నేనూ నిలబడలేదు. రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాడికి ఏమవుతుంది?’ అన్నారు.

ఆఫీసులో క్లర్కు సర్ కళ్ళద్దాలు పైకి జరిపి అడిగారు, ‘దీనిమీద ఏమైనా సర్క్యులర్ వచ్చిందా?’ అని. రాలేదన్నాం. ‘మరి?’ అన్నారు. అంతే.

హిందీ మేడమ్ మమ్మల్ని స్టాఫ్ రూము బయటికి తీసుకొచ్చి మాట్లాడారు. ఆవిడకు ఉబ్బసం ఉంది. డాక్టరు సలహా మీద ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటారు. ఎవరికీ చెప్పరు. చెబితే ‘ఇంత చిన్న జలుబుకి కూడానా?’ అని నవ్వుతారట. కొంచెం ఆగి ఇంకో మాట చెప్పారు. 2021లో వాళ్ళ నాన్నగారు, ‘నువ్వు సెలవు పెట్టి వచ్చాక ఇద్దరం కలిసి వెళ్దాం’ అని టీకా వాయిదా వేశారు. మేడమ్‌కి సెలవు దొరికేలోపు ఏప్రిల్ వచ్చింది. ఆ ఏప్రిల్ ఎలాంటిదో మనందరికీ తెలుసు. ఆ తర్వాత మేము నోట్‌బుక్ మూసేశాం.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది సఫాయీ దీదీ. మన మరుగుదొడ్లు కడిగేది, పగిలిన గాజు ముక్కలు ఏరేది, మెడికల్ రూములో చెత్తబుట్ట ఎత్తేది ఆవిడే. మా ప్రశ్న అర్థం కాగానే, ‘నా పిల్లలకు అన్నీ వేయించాను, కావాలంటే చూడండి’ అని మర్నాడు పాలిథిన్ కవరులో చుట్టిన రెండు కార్డులు తెచ్చింది. అచ్చం మా అమ్మలు దాచినట్టే దాచింది. ‘మీకు దీదీ?’ అన్నాం. ‘కడుపుతో ఉన్నప్పుడు రెండేసి సూదులు ఇచ్చారు’ అంది. కాసేపాగి తనే అంది, ‘అవి కూడా బిడ్డ కోసమే కదా.’

ఆ మాట పట్టుకుని ఆ రాత్రి ఇళ్ళలో ట్రంకు పెట్టెలు తెరిచాం. మా ఫైళ్ళలో మా కార్డులు ఉన్నాయి, చెల్లెళ్ళ తమ్ముళ్ళ కార్డులు ఉన్నాయి. అమ్మ కార్డు మూడిళ్ళలో ఒక్క ఇంట్లోనూ లేదు. ‘నీ టీకా ఎప్పుడు వేయించుకున్నావమ్మా?’ అని కరీంనగర్ ఇంట్లో అడిగితే, ‘నన్నెవ్వలడిగిన్రు బిడ్డా?’ అంది వాళ్ళమ్మ. మేము రెండు వారాలుగా బడిలో అందరి మీదా తీర్పులు చెబుతూ తిరుగుతున్నాం. మా ఇంట్లో సంగతే మాకు తెలియదు.

శ్రీకాకుళం ఇంట్లో ఆ వారం అమ్మమ్మ ఉంది. ఆమె ఎడమ భుజం మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. అది మసూచి టీకా మచ్చ. తన చిన్నతనంలో టీకాలు వేసేవాళ్ళు ఊళ్ళోకి వస్తున్నారంటే పెద్దవాళ్ళు కూడా గడ్డివాముల చాటున దాక్కునేవారట. అమ్మవారు పోయడం దేవత కోపం, దానికి సూది అడ్డుపెడితే ఇంకా కోపం వస్తుందని భయం. ‘మరి నువ్వెలా వేయించుకున్నావు?’ అంటే, ‘మా మేస్టారు ముందు తన చేయి చాపారు. ఆయనకేం కాలేదు, మేమూ చాపాం’ అంది. మన దేశంలో మసూచి చివరి కేసు 1975లో వచ్చింది. 1977లో దేశం నుంచి మసూచి పోయిందని ప్రకటించారు. ఆ మేస్టారు చాపిన చేయి కూడా ఆ లెక్కలో ఉంది.

ఇవన్నీ పట్టుకెళ్ళి బయాలజీ మేడమ్ ముందు పెట్టాం. మేడమ్ ఎవరినీ తప్పు పట్టలేదు. మాకు కొన్ని విషయాలు వరసగా చెప్పారు.

టీకా పిల్లలదే అనుకోవడం కొత్త అలవాటు. 1897లో బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు వాల్డెమార్ హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త ప్లేగు టీకా తయారుచేసి, మొదట తన ఒంట్లోకే ఎక్కించుకుని చూశాడు. అది పెద్దవాళ్ళు కూడా వేయించుకున్న టీకా. తర్వాత పిల్లల టీకాల కార్యక్రమం బాగా పెరిగి, పోలియో వంటి జబ్బును దేశం నుంచి తరిమింది. అందుకే టీకా అనగానే మనకు పసిపిల్లలే గుర్తొస్తారు. కానీ కొన్ని టీకాల బలం కాలంతో తగ్గుతుంది. ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ రక్షణ ఇచ్చే టీడీ పెద్దవాళ్ళు పదేళ్ళకోసారి వేయించుకోవడం మంచిది. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి దాని టీకా ఏటా మారుతుంది. హెపటైటిస్ బి రక్తం ద్వారా అంటుకుంటుంది. కలిసి తిన్నా, చేయి కలిపినా అంటదు. గాజు ముక్కలు, వాడేసిన సూదులు ఎత్తే చేతులకు మాత్రం ఆ ప్రమాదం ఉంది. దానికి మూడు మోతాదులు కావాలి. మొదటిది, నెల తర్వాత రెండోది, ఆరో నెలలో మూడోది.

గణితం సర్ ప్రశ్నను కూడా మేడమ్ దాటేయలేదు. ‘ఏ మందుకైనా కొంత ప్రమాదం ఉంటుంది. టీకా తర్వాత చేయి నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. ఎక్కడో అరుదుగా పెద్ద ఇబ్బంది రావచ్చు. అందుకే వేశాక కాసేపు అక్కడే కూర్చోబెడతారు. ముందే చెప్పి ఉండాల్సిందని సర్ అడగడం న్యాయమే. కానీ వేయించుకోకపోవడానికి కూడా ప్రమాదం ఉంది. రెండింటినీ తూకం వేయాలి. లెక్కల మాస్టారికి తూకం వేయడం నేర్పాలా?’ అన్నారు. మేము ఆ చివరి మాట సర్‌కి చెప్పలేదు. ఇప్పుడు ఆయన ఇది చదివితే మమ్మల్ని క్షమించాలి.

హెపటైటిస్ బి గురించి మన తెలుగువాళ్ళు తెలుసుకోవాల్సిన ఒక కథ ఉంది. ఒకప్పుడు ఆ టీకా విదేశాల నుంచి వచ్చేది, సామాన్యులు కొనగలిగే ధర కాదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దాన్ని మన దేశంలోనే తయారుచేసింది. సంస్థ పెట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు దానికి తన తల్లి పేరు పెట్టారు. అప్పటి నుంచి ధర బాగా తగ్గింది. ఈ సంగతి తెలిసి మేము చాలా గర్వపడ్డాం. ‘మన ఊరి టీకా’ అని నర్సు దీదీకి గొప్పగా చెప్పాం. ఆవిడ విని నెమ్మదిగా అంది, ‘నాకు రెండే మోతాదులు పడ్డాయి. మూడోదానికి ముందు అక్కడ కాంట్రాక్టు అయిపోయింది. ఇక్కడికొచ్చాను. ఇక కుదరలేదు.’

మందులిచ్చే నర్సుకే మూడో మోతాదు లేదు! ఆవిడకు తెలియక కాదు, భయపడి కాదు. ఊరు మారింది, అంతే. బదిలీ పిల్లలం కాబట్టి ఆ మాట మాకు ఇంకెవరికన్నా బాగా అర్థమైంది. మనకూ అలా ఎన్నో ఆగిపోయేవి. ఆగకపోవడానికి కారణం ఆ ప్లాస్టిక్ ఫైలు, దాన్ని మోసే అమ్మ.

అప్పుడు మాకు తోచింది, పెద్దవాళ్ళకు లేనిది బుద్ధి కాదు, కార్డు అని. కార్డు ఉంటే తేదీ ఉంటుంది. తేదీ ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు. భయ్యాకు కావాల్సింది ఉపన్యాసం కాదు, ఒక పూట సెలవు. క్లర్కు సర్‌కి కావాల్సింది సర్క్యులర్. హిందీ మేడమ్‌కి కావాల్సింది నవ్వని మనుషులు. సఫాయీ దీదీకి కావాల్సింది ఎవరో ఒకరు ‘మరి మీకు?’ అని అడగడం. ‘టీకా వేయించుకోండి’ అని గోడమీద ఒకే పోస్టరు అతికిస్తే వీళ్ళలో ఎవరికీ అందదు.

మేము డ్రాయింగ్ షీట్లు కత్తిరించి పోస్టుకార్డు సైజులో కార్డులు చేశాం. పేరు, టీకా, తేదీ, ఎక్కడ, తర్వాతది ఎప్పుడు అని ఐదు గళ్ళు. మొదటి కార్డు గార్డ్ భయ్యాది. నాలుగో మోతాదు ఇరవై ఎనిమిదో రోజున, ఆగస్టులో వాన కురుస్తున్న సోమవారం. ఆ రోజు మేము గుర్తు చేయక్కర్లేకపోయింది. పీటీ సర్ గొడుగు పట్టుకుని తనంతట తానే గేటు దగ్గరికి వచ్చి, భయ్యా కుర్చీలో కూర్చుని, ‘పద పద, బయల్దేరు’ అన్నారు. మధ్యాహ్నం భయ్యా తిరిగొచ్చి కార్డు మీద తేదీ రాయమని మాకే ఇచ్చాడు. ఇప్పుడు ఆయన బాగున్నాడు. రోజూ మన సైకిళ్ళకు తాళం వేశామో లేదో చూస్తున్నాడు.

పెద్దవాళ్ళకు హెపటైటిస్ బి టీకా మేము అడిగిన చోట్ల ఉచితంగా దొరకలేదు. లైబ్రేరియన్ మేడమ్ ఒక కవరు తీసి స్టాఫ్ రూములో బల్ల మీద పెట్టారు. ఎవరెంత వేశారో ఎవరూ చూడలేదు. సఫాయీ దీదీకి మూడు మోతాదులకు సరిపడా పోగైంది. నర్సు దీదీ తన మూడో మోతాదు తనే కొనుక్కుంది. ఇద్దరూ సెప్టెంబరు మొదటి వారంలో కలిసి వెళ్ళారు. దీదీకి ఆ రాత్రి కొంచెం జ్వరం వచ్చింది, మర్నాడు తగ్గింది. అక్టోబరులో రెండోది అయింది. క్లర్కు సర్ చివరికి సర్క్యులర్ కోసం ఎదురు చూడకుండా, కార్డు కావాల్సినవాళ్ళు మెడికల్ రూములో తీసుకోవచ్చని తనే ఒక నోటీసు టైపు చేసి బోర్డు మీద పెట్టారు. కింద తేదీ, నంబరు కూడా వేశారు.

అందరూ మారిపోయారని చెబితే అబద్ధం అవుతుంది. గణితం సర్ కార్డు తీసుకున్నారు, ఇంకా ఖాళీగానే ఉంది. బస్సు డ్రైవరు అంకుల్ వద్దన్నారు. ఎందుకని మేము రెండోసారి అడగలేదు. చెప్పాలనిపించినప్పుడు ఆయనే చెబుతారు. హిందీ మేడమ్ మాత్రం ఈసారి ఫ్లూ టీకా సంగతి స్టాఫ్ రూములో పైకే చెప్పారట. ఇద్దరు టీచర్లు నవ్వలేదు, ఎక్కడ వేస్తారని అడిగారట. మా ఇళ్ళలో ఫైళ్ళలోకి మూడు కొత్త కార్డులు వచ్చాయి. వాటి మీద మా అమ్మల పేర్లున్నాయి. రెండింటి మీద టీడీ తేదీ పడింది. మూడో అమ్మ ‘వచ్చే వారం’ అంటోంది. ఆ వచ్చే వారం కోసం మేము రోజూ అడుగుతున్నాం.

మిత్రులారా, ఇది రాయడానికి ఒక సొంత కారణం కూడా ఉంది. సఫాయీ దీదీకి మూడో మోతాదు మార్చి మొదటి వారంలో పడాలి. మాలో ఒకరి నాన్నకు బదిలీ ఉత్తర్వు వచ్చేసింది. జనవరి చివర వెళ్ళిపోతున్నారు. ఇంకొకరి నాన్నకు ఏ రోజైనా రావచ్చు. మార్చిలో పరీక్షల గొడవ ఉంటుంది. ఎవరూ గుర్తు చేయకపోతే దీదీ కూడా నర్సు దీదీ లాగే రెండింటి దగ్గర ఆగిపోతుంది. డబ్బు లైబ్రేరియన్ మేడమ్ దగ్గర భద్రంగా ఉంది. కార్డు దీదీ దగ్గర, ఆమె పిల్లల కార్డులున్న అదే పాలిథిన్ కవరులో ఉంది. కావాల్సింది అడిగే మనిషి ఒక్కరే.

మార్చి మొదటి వారంలో మీరెవరైనా సరే, ఏ తరగతి అయినా సరే, దీదీ కనిపించినప్పుడు, ‘దీదీ, మూడోది అయిందా?’ అని అడగండి. ‘హో జాయేగా’ అంటే మాత్రం వదలొద్దు.

— తొమ్మిది, పదకొండు తరగతుల తెలుగు విద్యార్థులు ముగ్గురు